పసిపిల్లలకు ఆహార ఎలర్జీలు రాకుండా ఏం చేయొచ్చు? తరచుగా అడిగే ప్రశ్నలు

బిడ్డకు ఆరో నెల దగ్గర పడుతుంటే ఇంట్లో వాదన మొదలవుతుంది. గుడ్డు ఏడాది దాకా వద్దంటారు ఒకరు. పల్లీలు వేడి చేస్తాయంటారు ఇంకొకరు. అమెరికాలో ఉన్న చిన్నమ్మేమో నాలుగో నెల నుంచే పీనట్ బటర్ నాకించమని వాట్సాప్‌లో వీడియో పంపుతుంది. వీటిలో ఏది వినాలన్నది ఈ ప్రశ్నల్లో తేల్చుకుందాం. ఒక మాట మాత్రం ముందే: బిడ్డకు ఇప్పటికే ఏదైనా తినగానే దద్దుర్లు, వాంతులు, ఆయాసం వచ్చి ఉంటే ఇక్కడ చదివింది చూసి అదే పదార్థం మళ్ళీ పెట్టకండి. ముందు పిల్లల డాక్టర్‌కు చూపించండి.

ఎలర్జీ చేసే పదార్థాలు ఎంత ఆలస్యంగా పెడితే అంత మంచిదంటారు. నిజమేనా?

కాదు. కానీ ఆ మాట అమ్మమ్మలు పుట్టించింది కాదు, డాక్టర్లే చెప్పారు. ఎలర్జీ ముప్పు ఎక్కువగా ఉన్న పిల్లలకు పాలు ఏడాది దాకా, గుడ్డు రెండేళ్ళ దాకా, పల్లీలు, జీడిపప్పు, బాదం, చేపలు మూడేళ్ళ దాకా పెట్టొద్దని 2000లో అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సలహా ఇచ్చింది. ఆ తర్వాత కూడా అక్కడ పల్లీ ఎలర్జీ తగ్గలేదు సరికదా, పెరుగుతూనే పోయింది. ఆలస్యం చేస్తే లాభమనడానికి సరైన ఆధారం లేదని 2008లో అదే సంస్థ ఆ సలహాను వెనక్కి తీసుకుంది.

అదే ఏడాది లండన్‌లోని గిడియన్ లాక్ బృందం ఒక విచిత్రమైన తేడాను బయటపెట్టింది. బ్రిటన్‌లో పెరిగే యూదుల పిల్లల్లో పల్లీ ఎలర్జీ 1.85 శాతం ఉంటే, ఇజ్రాయెల్‌లో పెరిగే యూదుల పిల్లల్లో 0.17 శాతమే ఉంది. వంశమూలాలు ఒకటే, ఎలర్జీ మాత్రం పదింతలు. ఇజ్రాయెల్‌లో ‘బాంబా’ అనే పల్లీ చిరుతిండి ఉంటుంది. నోట్లో పెట్టుకుంటే కరిగిపోతుంది కాబట్టి పళ్ళు రాని పిల్లలకూ పెడతారు. బ్రిటన్‌లో ఆ వయసు పిల్లల దరిదాపుల్లోకి పల్లీని రానిచ్చేవారు కాదు.

తేడా నిజంగా దానివల్లేనా అని తేల్చడానికే లీప్ అనే అధ్యయనం చేశారు. తీవ్రమైన ఎగ్జిమా (చర్మం ఎర్రగా, పొడిగా మారి దురద పెట్టే జబ్బు) గానీ, గుడ్డు ఎలర్జీ గానీ ఉన్న, నాలుగు నుంచి పదకొండు నెలల లోపు పిల్లలు 640 మందిని తీసుకుని, సగం మందికి వారానికి కనీసం 6 గ్రాముల పల్లీ ప్రోటీన్ పెట్టించారు. మిగతా సగం మంది అయిదేళ్ళ దాకా పల్లీ ముట్టలేదు. 2015లో ఫలితాలు వచ్చాయి. ముట్టనివాళ్ళలో 17.2 శాతం మందికి పల్లీ ఎలర్జీ వచ్చింది, తిన్నవాళ్ళలో 3.2 శాతం మందికే. ఆ పిల్లలనే మళ్ళీ పన్నెండు, పదమూడేళ్ళ వయసులో పరీక్షించి 2024లో ప్రచురించారు. అయిదేళ్ళు దాటాక ఎవరికి ఇష్టమైనంత వాళ్ళు తిన్నా, మానేసినా, తేడా నిలిచే ఉంది: 15.4 శాతం, 4.4 శాతం.

అది వాళ్ళ దేశాల సంగతి. మన పిల్లలకు ఎలర్జీలు ఎక్కడున్నాయి?

మన దగ్గర తక్కువే, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. యూరప్ సంస్థలతో కలిసి కర్ణాటకలో బడిపిల్లల మీద చేసిన పెద్ద అధ్యయనంలో ఆహార ఎలర్జీ ఉందని చెప్పదగ్గ పిల్లలు 0.14 శాతమే తేలారు. అదే పద్ధతిలో చూస్తే హాంకాంగ్‌లో 1.5 శాతం. కాబట్టి బిడ్డకు ఇడ్లీ పెడుతూ అంబులెన్స్ నంబర్ పట్టుకుని కూర్చోనక్కర్లేదు.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ళు మాత్రం కాస్త ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. మెల్‌బోర్న్‌లో ఏడాది పిల్లలకు ఆసుపత్రిలోనే తినిపించి పరీక్షిస్తే పదిమందిలో ఒకరికి పైగా ఏదో ఒక ఆహార ఎలర్జీ బయటపడింది. తూర్పు ఆసియా నుంచి వలస వచ్చినవాళ్ళకు ఆస్ట్రేలియాలో పుట్టిన పిల్లల్లో అది స్థానికుల పిల్లల కంటే ఎక్కువగా కనిపించింది. ‘మా వంశంలో ఎవరికీ లేదు’ అన్న ధీమా విమానం ఎక్కాక పనిచేయకపోవచ్చన్నమాట.

ఎగ్జిమాకూ ఆహార ఎలర్జీకీ సంబంధం ఏమిటి?

చాలా దగ్గరి సంబంధం. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

ఆహారం శరీరానికి రెండు దారుల్లో పరిచయం అవుతుంది. నోటి ద్వారా కడుపులోకి వెళ్ళిన దాన్ని రోగనిరోధక వ్యవస్థ మామూలుగా ‘ఇది తిండి’ అని ఒప్పుకుంటుంది. పగిలిన, ఒరుసుకుపోయిన చర్మం గుండా లోపలికి వెళ్ళిన దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకునే ప్రమాదం ఉంది. వీధి తలుపు గుండా వస్తే చుట్టం, గోడ దూకి వస్తే దొంగ. ఇంట్లో అందరూ పల్లీలు తింటుంటారు, ఆ పొడి చేతులకు, దుప్పట్లకు అంటుకుని ఉంటుంది. ఎగ్జిమా ఉన్న బిడ్డకు నోటికి అందకముందే అది చర్మానికి అందుతుంది. పసితనంలో దద్దుర్లకు వేరుశనగ నూనె కలిసిన క్రీములు రాసిన పిల్లల్లో పల్లీ ఎలర్జీ ఎక్కువగా ఉందని 2003లోనే లాక్ బృందం గమనించింది.

ఇక మన ఇళ్ళకు వద్దాం. నూనె మర్దన, నలుగు పెట్టి స్నానం మన పద్ధతి. చర్మం బాగున్న బిడ్డకు మర్దన మానమని నేను చెప్పను, దానివల్ల వచ్చే నిద్ర, తల్లికో అమ్మమ్మకో బిడ్డతో గడిచే ఆ సమయం చిన్న విషయాలు కావు. కానీ బుగ్గల మీద, మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక ఎర్రగా, పొడిగా, దురదగా ఉంటే శనగపిండి, పెసరపిండి, బాదంపొడి పెట్టి రుద్దడం ఆపేయండి. రుద్దితే చర్మం ఇంకా ఒరుసుకుపోతుంది, దాని మీద మళ్ళీ పప్పుల పిండి. అలాంటి చర్మానికి వేరుశనగ నూనె, నువ్వుల నూనె, ఆవ నూనె కూడా వద్దు. స్నానం గోరువెచ్చని నీళ్ళతో త్వరగా ముగించి, ఒళ్ళు తడి ఆరకముందే పెట్రోలియం జెల్లీ గానీ, డాక్టర్ చెప్పిన వాసన లేని క్రీమ్ గానీ రాయండి. క్రీమ్ రాసేముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పల్లీ చట్నీతో దోసె తిని అదే చేత్తో రాయొద్దు.

డాక్టర్ స్టెరాయిడ్ పూత రాసిస్తే భయపడి సగంలో ఆపకండి. చెప్పినన్ని రోజులు, చెప్పినంత మేరకు రాస్తే పసివాళ్ళకూ ఇబ్బంది ఉండదు. మానని ఎగ్జిమాయే ఎక్కువ ప్రమాదం.

అయితే ఎగ్జిమా లేకపోయినా పుట్టినప్పటి నుంచే క్రీములు రాస్తే?

లాభం కనబడలేదు. బ్రిటన్‌లో 1,394 మంది శిశువుల మీద చేసి 2020లో ప్రచురించిన ‘బీప్’ అధ్యయనంలో ఏడాది పాటు రోజూ మాయిశ్చరైజర్ రాసినా ఎగ్జిమా ఆగలేదు. డబ్బులు మిగుల్చుకోండి.

ఘనాహారం ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఆరు నెలలు నిండే దాకా తల్లిపాలే, ఆ తర్వాత తల్లిపాలతో పాటు ఇంటి తిండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ, మన పిల్లల డాక్టర్లు చెప్పేదీ ఇదే. చాలా ఇళ్ళలో ఆరో నెలలో చేసే అన్నప్రాశన ఈ వయసుకు సరిగ్గా సరిపోతుంది. చిక్కంతా తర్వాతే. పాయసం చుక్క నాకించి ఫొటోలు తీసుకున్నాక, ఎనిమిదో నెల దాకా పాలు తప్ప ఏమీ పెట్టని ఇళ్ళు ఉన్నాయి. ఇంకొన్ని ఇళ్ళలో ఏడాది దాకా పప్పుకట్టు, మెత్తటి అన్నం తప్ప గిన్నెలో మరొకటి కనబడదు.

తీవ్రమైన ఎగ్జిమా ఉన్న బిడ్డ సంగతి వేరు. అలాంటి పిల్లలకు డాక్టర్ చూసి, అవసరమైతే పరీక్ష చేసి, నాలుగు నుంచి ఆరు నెలల మధ్యే పల్లీ మొదలుపెట్టమని అమెరికా నిపుణుల బృందం 2017లో సూచించింది. అది డాక్టర్ చేతుల్లో జరగాలి, సొంతంగా కాదు. నాలుగు నెలలలోపు మాత్రం ఎవరికీ వద్దు. మెడ నిలబడాలి, ఆసరాతో కూర్చోగలగాలి, చెంచా చూసి నోరు తెరవాలి. అప్పుడే మొదలు.

పల్లీలు ఎలా పెట్టాలి?

పళ్ళు లేని బిడ్డకు పల్లీ గింజ ఎప్పుడూ ఇవ్వకూడదు, ముక్కలు కూడా ఇవ్వకూడదు. గొంతులో, ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటే ప్రాణం మీదకు వస్తుంది. అయిదేళ్ళు నిండే దాకా ఈ నియమం పాటించండి. జీడిపప్పు, బాదం, బఠాణీలకూ ఇదే వర్తిస్తుంది. పెళ్ళిళ్ళలో, ప్రయాణాల్లో ఎవరో ముద్దుగా చేతిలో పెట్టే గింజల మీద కన్నేసి ఉంచండి.

పల్లీలు దోరగా వేయించి, పొట్టు తీసి, మిక్సీలో మెత్తటి పొడి చేసుకోండి. బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి, చేదుగా ఉన్నవి ముందే ఏరి పారేయాలి. ఉప్పు, కారం, వెల్లుల్లి వేసిన పల్లీపొడి పెద్దవాళ్ళకు. బిడ్డకు ఉట్టి పొడే. మొదటిసారి పావు టీస్పూన్ పొడిని రాగి జావలోనో, అరటిపండు గుజ్జులోనో, తల్లిపాలలోనో పల్చగా కలిపి చెంచా కొసతో నాకించండి. పది నిమిషాలు ఆగండి. ఏమీ కాకపోతే మిగతాది నెమ్మదిగా తినిపించండి. ఆ తర్వాత రెండు గంటలు బిడ్డ కళ్ళ ముందే ఉండాలి. జలుబు, జ్వరం, విరేచనాలు ఉన్న రోజు వద్దు. నిద్రపుచ్చే ముందు కూడా వద్దు. పగలు, ఇంట్లో, ఇద్దరు పెద్దవాళ్ళు ఉన్నప్పుడు మంచిది.

పడితే మెల్లగా పెంచుకుంటూ రెండు మూడు టీస్పూన్ల దాకా తీసుకెళ్ళి, వారానికి మూడుసార్లు పెట్టండి. లీప్‌లో పిల్లలు తిన్న 6 గ్రాముల ప్రోటీన్‌కు వారం మొత్తం మీద 25 గ్రాముల దాకా పల్లీలు సరిపోతాయి, అంటే ఓ చిన్న గుప్పెడు. బజారు పీనట్ బటర్ చాలావాటిలో చక్కెర, ఉప్పు కలుపుతారు, పైగా చిక్కగా అంగిట్లో అతుక్కుంటుంది. వాడితే వేడినీళ్ళతో పల్చన చేయండి.

‘పల్లీలు వేడి, పైత్యం’ అన్న అభ్యంతరం ఇంట్లో తప్పక వస్తుంది. వాదించకండి. పొడి జావలో కలిశాక ఎవరికీ తెలీదు.

గుడ్డు పచ్చసొన మాత్రమే పెట్టమంటారు కదా?

ఈ అలవాటు మన దగ్గర బలంగా ఉంది, ఎలర్జీ లెక్కన చూస్తే తలకిందులుగా ఉంది. గుడ్డులో ఎలర్జీ చేసే ముఖ్యమైన ప్రోటీన్లు తెల్లసొనలోనే ఉంటాయి. ఏడాది దాకా తెల్లసొన దాచి ఉంచితే బిడ్డ శరీరానికి అవసరమైన పరిచయమే జరగదు. జపాన్‌లో ఎగ్జిమా ఉన్న పసివాళ్ళకు ముందు చర్మాన్ని బాగుచేసి, ఆరో నెల నుంచి రోజూ చిటికెడంత ఉడికించిన గుడ్డు పొడి పెట్టారు. ఏడాది వయసుకు వాళ్ళలో 8 శాతం మందికి గుడ్డు ఎలర్జీ ఉంటే, గుడ్డు బదులు ఉత్తుత్తి పొడి తిన్న పిల్లల్లో 38 శాతం మందికి వచ్చింది. తేడా అంత స్పష్టంగా ఉండటంతో అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేసి, 2017లో ఫలితాలు ప్రచురించారు.

ఉడకడం ముఖ్యం. గట్టిగా ఉడికిన గుడ్డును, పన్నెండు పదిహేను నిమిషాలు మరిగించి, తెలుపూ పసుపూ కలిపి మెదిపి, మొదట బఠాణీ గింజంత పెట్టండి. హాఫ్ బాయిల్, పచ్చి గుడ్డు, పైన జారుతున్న ఆమ్లెట్ వద్దు.

మేం శాకాహారులం. గుడ్డు, చేప పెట్టకపోతే ఎలర్జీ వస్తుందా?

ఇంట్లో ఎవరూ తినని పదార్థాన్ని బిడ్డకు మాత్రమే పెట్టాల్సిన పని లేదు. మీరు తినేవాటిని ఆలస్యం చేయకపోతే చాలు. పెరుగు, గోధుమ, పల్లీలు, నువ్వులు, జీడిపప్పు మీ వంటింట్లోనే ఉన్నాయి.

మిగతావి ఏ వరసలో పెట్టాలి?

వరస అంటూ ఏమీ లేదు. అన్నం, పప్పు, కూరగాయలు అలవాటయ్యాక ఎలర్జీకి పేరుపడ్డవాటిని ఒక్కొక్కటిగా, రెండు మూడు రోజుల తేడాతో ప్రవేశపెడితే ఏది పడలేదో తేలిగ్గా తెలుస్తుంది. పెరుగన్నంతో పాలు వచ్చేస్తాయి. ఆవుపాలు, గేదెపాలు తాగడానికి ఏడాది దాకా వద్దు కానీ, వంటలో కలిస్తే, పెరుగు రూపంలో అయితే పర్లేదు. గోధుమ రవ్వ జావ, చపాతీ ముక్క పాలల్లోనో పప్పులోనో నాని మెత్తబడితే గోధుమ. అంగన్‌వాడీ నుంచి బాలామృతం తెచ్చుకునేవాళ్ళకు గోధుమ, శనగపప్పు, పాలపొడి అందులోనే ఉన్నాయి. కాబట్టి మొదటిసారి కొంచెమే పెట్టి చూడండి. నువ్వులు వేయించి పొడి చేసి అన్నంలో. జీడిపప్పు నానబెట్టి మెత్తగా రుబ్బి జావలో. కోస్తావాళ్ళకు చేప ఎలాగూ ఉంటుంది, ముల్లు లేకుండా చేత్తో రెండుసార్లు వెతికి పెట్టండి. రొయ్య కూడా అంతే, బాగా ఉడికించి మెత్తగా చిదిమి.

ఒకసారి పెట్టాం, ఏమీ కాలేదు. ఇక చాలా?

చాలదు. పెట్టి మానేస్తే రక్షణ దొరకదు, నెలల తరబడి మానేసి మళ్ళీ పెట్టినప్పుడు కొందరికి ఎలర్జీ కనబడొచ్చు కూడా. మూడో నెల నుంచే ఆరు రకాలు పెట్టి చూసిన బ్రిటన్ ‘ఈట్’ అధ్యయనంలో మొత్తం పిల్లలను లెక్కిస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చెప్పినట్టే క్రమం తప్పకుండా తిన్న పిల్లల్లో మాత్రం పల్లీ, గుడ్డు ఎలర్జీలు బాగా తగ్గాయి. వారానికి రెండు మూడుసార్లు, ఊరెళ్ళినా సరే.

గర్భిణి, బాలింత పథ్యం చేస్తే బిడ్డకు ఎలర్జీ రాదా?

పల్లీలు, గుడ్డు, పాలు మానేసినందువల్ల బిడ్డకు ఎలర్జీ తప్పుతుందని ఏ అధ్యయనమూ గట్టిగా చూపలేదు. మన బాలింతలకు కారంపొడి అన్నం తప్ప ఏమీ పెట్టని ఇళ్ళు ఇంకా ఉన్నాయి, దానివల్ల తల్లి నీరసించడం తప్ప ఒరిగేదేమీ లేదు. తల్లికే ఏదైనా ఎలర్జీ ఉంటే అది వేరే విషయం. బిడ్డకు పాల ఎలర్జీ ఉందని తేలి, తల్లిని పాలు మానమని డాక్టర్ చెబితే అదీ వేరే.

ఎలర్జీ రాకుండా ప్రత్యేక డబ్బాపాలు ఉన్నాయా?

ప్రోటీన్‌ను ముక్కలు చేసిన ఖరీదైన డబ్బాపాలు ఎలర్జీని ఆపుతాయన్నది ఇప్పుడు చాలామంది నిపుణులు సమర్థించడం లేదు. పుట్టిన మొదటి వారంలో, పాలు సరిపడా పడలేదేమోనన్న తొందరలో మామూలు డబ్బాపాలు పట్టడం మానుకోమని యూరప్ ఎలర్జీ నిపుణుల సంఘం 2020లో సూచించింది. అవసరమైతే డాక్టర్ చెప్పినప్పుడు తప్పక పట్టాలి, అందులో తప్పేమీ లేదు. ఇక ఆవుపాలు పడని బిడ్డకు మేకపాలు పట్టమనే సలహా ప్రమాదకరం. రెండింటి ప్రోటీన్లు చాలావరకు ఒకేలా ఉంటాయి, ఒకటి పడకపోతే రెండోదీ పడదు.

టమాటా, చింతపండు తగిలాక నోటి చుట్టూ ఎర్రబడింది. ఎలర్జీయా?

మామూలుగా కాదు. పులుపు చర్మానికి తగిలి వచ్చే మంట అది, కాసేపట్లో తగ్గిపోతుంది. తినిపించేముందు మూతి చుట్టూ కాస్త పెట్రోలియం జెల్లీ రాయండి.

మరి నిజమైన ఎలర్జీ ఎలా ఉంటుంది? అప్పుడేం చేయాలి?

తిన్న కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల లోపు మొదలవుతుంది. ఒంటి మీద దోమ కుట్టినట్టు ఉబ్బిన దద్దుర్లు, పెదవులు, కనురెప్పలు వాయడం, వాంతులు. ఇంతవరకే అయితే తినిపించడం ఆపి డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఆ పదార్థం మళ్ళీ పెట్టకండి.

ఆగని దగ్గు, పిల్లికూతలు, గొంతు బొంగురుపోవడం, నాలుక వాపు, ఒక్కసారిగా పాలిపోయి మెత్తబడిపోవడం కనిపిస్తే అది అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదకు తెచ్చే తీవ్రమైన ఎలర్జీ. 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రి దగ్గరైతే వెంటనే బయలుదేరండి. అప్పుడు పనిచేసే మందు తొడ కండరంలో వేసే అడ్రినలిన్ ఇంజెక్షన్. దద్దుర్లకు వాడే ఎలర్జీ సిరప్ ఊపిరి సంగతి చూడలేదు, దాన్ని నమ్ముకుని ఇంట్లో కూర్చోవద్దు. బిడ్డను పడుకోబెట్టే ఉంచండి, భుజాన నిలువుగా ఎత్తుకుని పరుగెత్తకండి. ఆయాసం ఉంటే ఒళ్ళో కూర్చోబెట్టండి.

ఇంకో రకం ఉంది. దద్దుర్లు ఏమీ ఉండవు, తిన్న గంట నుంచి నాలుగు గంటల్లో వాంతి మీద వాంతి చేసుకుని బిడ్డ వాలిపోతుంది. చాలాసార్లు దీన్ని కడుపు ఇన్‌ఫెక్షన్ అనుకుని వదిలేస్తారు. అదే పదార్థంతో మళ్ళీ జరిగితే డాక్టర్‌కు ఆ వివరం చెప్పండి.

ముందే రక్తపరీక్ష చేయించి, పడేవే పెడితే?

వద్దు. కర్ణాటక అధ్యయనంలో దాదాపు అయిదోవంతు పిల్లల రక్తంలో ఏదో ఒక ఆహారానికి పరీక్ష పాజిటివ్‌గా వచ్చింది, నిజమైన ఎలర్జీ ఉన్నది 0.14 శాతానికే. అంటే ప్యాకేజీ పరీక్ష చేయించి ఆ జాబితా చూసి పెట్టడం మానేస్తే, చక్కగా తినగలిగే పిల్లల నోటి దగ్గరి ముద్ద తీసేసినట్టే. తీవ్రమైన ఎగ్జిమా లేదా ఇప్పటికే ఒక ఎలర్జీ ఉన్నప్పుడు, నిపుణులు అడిగిన ఒకటి రెండు పరీక్షలు చాలు. ఆహారాలకు ఐజీజీ (రక్తంలో ఉండే ఒక రకం యాంటీబాడీ) పరీక్షలు, వెంట్రుకల పరీక్షలు ఎందుకూ పనికిరావు.

అక్కకు పల్లీ ఎలర్జీ ఉంది. తమ్ముడికీ ఆలస్యం చేయాలా?

ఆలస్యం చేస్తేనే తమ్ముడికి నష్టం. డాక్టర్‌తో మాట్లాడి మొదలుపెట్టండి. అక్క ఇంట్లో లేని వేళ తినిపించి, గిన్నె, చేతులు, కూర్చున్న చోటు సబ్బుతో కడగండి.

ప్రోబయోటిక్స్, విటమిన్ డి చుక్కలు ఎలర్జీని ఆపుతాయా?

అలా చెప్పడానికి తగిన ఆధారం లేదు. విటమిన్ డి ఎముకల కోసం డాక్టర్ రాస్తారు, అది మానకండి.

తేనె, వస ముందే నాకిస్తే అన్నీ పడతాయంటారు.

ఏడాది లోపు తేనె వద్దే వద్దు. ఎలర్జీ వల్ల కాదు, తేనెలో ఉండగల బొటులిజం క్రిమి బీజాలు పసివాళ్ళ పేగుల్లో పెరిగి కండరాలను చచ్చుబడేలా చేస్తాయి. వస అరగదీసి నాకించడం కూడా మానేయండి.

ఎలర్జీ వచ్చేసింది. జీవితాంతం ఉంటుందా?

పాలు, గుడ్డు ఎలర్జీలు చాలామంది పిల్లల్లో పెద్దయ్యే కొద్దీ పోతాయి. పల్లీ ఎలర్జీ అయిదుగురిలో ఒకరికే పోతుంది. పోయిందో లేదో ఇంట్లో తినిపించి చూడకండి, ఆసుపత్రిలో డాక్టర్ ఎదుటే చూడాలి.

గుడ్డు ఎలర్జీ ఉన్న బిడ్డకు టీకాలు వేయించొచ్చా?

తట్టు, రుబెల్లా, గవదబిళ్ళల టీకా నిశ్చింతగా వేయించండి, గుడ్డు ఎలర్జీ దానికి అడ్డు కాదు. ఫ్లూ టీకా కూడా ఇప్పుడు ఇస్తున్నారు. జాగ్రత్త పడాల్సింది ఎల్లో ఫీవర్ టీకా విషయంలో. ఆఫ్రికాకో దక్షిణ అమెరికాకో బిడ్డతో వెళ్ళాల్సి వస్తే, టికెట్లు కొనకముందే ఎలర్జీ నిపుణులను కలవండి.